పొల్లు

కుతాయిసిలో, రియోనీ వంతెన దిగగానే
ఒక రొట్టెల కొట్టు.
నేలలో పాతిన బావిలాంటి మట్టిపొయ్యి.
వాళ్ళ భాషలో దాని పేరు తోనే.
దేనితోనే? అని నాలోని తెలుగు అడుగుతూనే ఉంటుంది.

అవ్తాండిల్ పందొమ్మిదేళ్ళు
అందులోకి నడుము దాకా వంగాడు.
పడవలాంటి రొట్టెను గోడకు చరిచి
కనుబొమలు కాలేలోపు పైకి లేచేవాడు.
పన్నెండో ఏట దగ్గు.
పదిహేనో ఏట రాత్రుళ్ళు ఛాతీలో పిల్లికూతలు.
ఇక చాలు, అంది డాక్టర్ ఎతేరి.
అయినా ఇంకో నాలుగేళ్ళు వంగి,
అప్పుడు ఏప్రన్ మేకుకు తగిలించి
బస్టాండులో టికెట్లు చింపే పనికి పోయాడు.

పదకొండేళ్ళు.
కూత లేదు. పీల్చే మందు గడువు దాటి
సొరుగులో, ఊడిన గుండీల మధ్య దొర్లుతోంది.

తమ్ముడు జుంబెర్ పోయిన రాత్రి
నలభై మందికి రొట్టె కావాలి.
పొయ్యి దగ్గర కొత్త కుర్రాడు
"ఎవరు కావాలి తాతా?" అన్నాడు.
కొట్టు గుర్తుపట్టలేదు. మేకు గుర్తుపట్టలేదు.
పక్క గదిలో ఎవరో పిండిబస్తా దులిపారు.

ఊపిరితిత్తులు గుర్తుపట్టాయి.

కాపలా కణాలు కొన్ని ఉంటాయి.
పోరు ముగిశాక దండంతా చెదిరిపోతే
ఇవి మాత్రం శ్వాసనాళం గోడల్లోనే
కాపురం పెడతాయి.
వాటి తప్పల్లా
గోధుమను దొంగ అనుకోవడం.
ఒకసారి అనుకున్నాక
అక్షరం పొల్లు పోకుండా గుర్తుంచుకోవడం.

అక్షరం మారలేదు నిజమే.
అమ్మానాన్నలు ఇచ్చిన రాత అలాగే ఉంది.
కానీ పందొమ్మిదేళ్ళ పిండి దాని మీద వాలి
కొన్ని అక్షరాలకు పొల్లు పెట్టింది.
ఊరుకోండర్రా, వాడు మనవాడే
అని సర్దిచెప్పాల్సినవి నోరు మూసుకున్నాయి.
కొన్నిటికి ఉన్న పొల్లు చెరిపేసింది.
అవి అరవడం నేర్చాయి.
ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు,
ఆ పొల్లు బరువు అంతే.
కండెకు చుట్టిన దారం ఒక్కచోట వదులైతే
లాగినప్పుడల్లా అక్కడే ఊడొస్తుంది చూడండి,
అలా.

మా ఇంట్లో పొల్లంటే తప్పగింజ కూడా.
చేటలో చెరిగితే గాలికి పోయేది.
ఇది పోదు. గాలినే పోనివ్వదు.

తెల్లవారుజాము నాలుగు.
మాస్కు పట్టీ నేనే బిగించాను.
మందు ఆవిరి వెనక అతని కళ్ళు,
గోళ్ళ కింద పిండి.
"పదకొండేళ్ళు ముట్టలేదు డాక్టర్,"
తాగుడు మానినవాడు ఒట్టేసినట్టు అన్నాడు.
"నువ్వు ముట్టలేదు," అంది ఎతేరి.
"వాటికి పదకొండేళ్ళంటే నిన్న."

తలుపు దగ్గర కూతురు మాక్వాలా,
ఏడో నెల పొట్ట మీద చెయ్యి.
"దీనికి కూడా వస్తుందా?"
ఎతేరి చాలాసేపు కిటికీ వైపు చూసి
తెలీదు, అంది.
ఆ నిజాయితీ నాకు నచ్చింది.
మాక్వాలాకు నచ్చలేదు.

రొట్టెలు ఆ కుర్రాడే కాల్చాడట.
ఒకటి కాగితంలో చుట్టి పంపాడు.
అవ్తాండిల్ మాస్కు పైకెత్తి, తుంచి, నమిలాడు.
కాలిన పిండి దారి వేరు, కడుపుకు ఆ పగ తెలియదు.
"ఉప్పు తక్కువైంది," అన్నాడు.
నమిలే చప్పుడు సందుల్లోంచి
కూత సన్నగా వినిపిస్తూనే ఉంది.
ఇక ఎలాగ అని ఎవరూ అడగలేదు.

దానితోనే,
అనుకున్నాను.